కాకినాడ అఖాతములోని గుల్లలు - వాటి నివాసములు



క్రిస్మస్ పండుగకు ముందు మందిరపు గోడలకు సున్నము వేయుట మన పల్లెలలో అందరెరిగిన పని. నేడు అనేక చోట్ల అంగడి రంగులు వచ్చినవి గాని, మన పెద్దలు చిరకాలము వాడినది గుల్లసున్నము. కాల్చిన గుల్లలను తొట్టిలో పోసి నీళ్లు చల్లగా అవి బుసబుస పొంగును, ఆవిరి చిమ్మును, తుదకు వెన్నవలె తెల్లగా విచ్చును. పిల్లలు దగ్గరకు పోకుండ పెద్దలు గద్దించుచుందురు. ఆ తెల్లదనమును చూచి సంతోషించినవారు అనేకులు. అది ఎక్కడనుండి వచ్చినదని అడిగినవారు కొందరే.

అది ఒక మెత్తని ప్రాణి తన బ్రదుకు కాలమంతయు కొంచెము కొంచెముగా కట్టుకొనిన యిల్లు. మన తూర్పు తీరమున అట్టి ప్రాణులు విస్తారముగా నివసించు చోట్లలో కాకినాడ అఖాతము ముఖ్యమైనది. ఈ నెల పాఠములో మూడు సంగతులు చూతము. మొదటిది, ఆ అఖాతము ఎట్టిది? రెండవది, అందులో ఏ గుల్ల ఏ చోట నుండును, ఎందుచేత? మూడవది, ఆ చోట్లు ఎట్లు చెడుచున్నవి, మనము చేయదగినది ఏమి?

పాఠమంతటికిని మూలమైన మాట ఒకటి ముందే చెప్పుదును. గుల్లకు ఇండ్లు రెండు. ఒకటి అది తన ఒంటిపై మోయునది. రెండవది అది నిలిచియున్న నేల. మొదటి యిల్లు పగిలినయెడల ఒక ప్రాణి చచ్చును. రెండవ యిల్లు చెడినయెడల ఆ జాతియే ఆ చోటనుండి పోవును. మనము మొదటి దానిని చేతపట్టి చూచెదము గాని, రెండవ దానిని తలంచుట అరుదు.

1. గుల్లలు ఎట్టి ప్రాణులు?

ఎముకలు లేని మెత్తని శరీరము గల జంతువులలో ఇది యొక గొప్ప వంశము. శరీరమును కప్పియుండు పలుచని తోలువంటి పొర సముద్రపు నీటిలోనున్న సున్నపు పదార్థమును తీసికొని గుల్లగా పేర్చుచుండును. ప్రాణి పెరిగిన కొలది గుల్ల అంచున క్రొత్త వరుస చేరును. చాల గుల్లల మీద కనబడు గీతలు అట్టి పెరుగుదలకు గురుతులు.

ఈ వంశములో మనము తరచుగా చూచునవి రెండు తెగలు. పుస్తకపు అట్టలవలె రెండు చిప్పలు గలవి ఒక తెగ. ఆల్చిప్పలు ఇందులో చేరినవి. మెలిదిరిగిన ఒకే గుల్ల గలవి రెండవ తెగ. నత్తలు, శంఖములు, గవ్వలు ఇందులోనివి. ఇవి గాక గుల్ల పైకి కనబడని బంధువులును కలవు. ఆక్టోపసు అట్టిదే. సముద్రపు నురుగు అని అంగళ్లలో అమ్ముడుపోవు తెల్లని తేలిక బిళ్ల నిజముగా నురుగు కాదు; అది ఈ వంశములోని మరియొక జంతువు శరీరములోపల నుండు గుల్లయే.

2. అఖాతము ఎట్టిది?

గోదావరి పాయలలో గౌతమి తూర్పునకు పోయి సముద్రమును చేరును. ఆ నది వేలకొలది సంవత్సరములుగా తెచ్చి పోసిన ఒండ్రుతో డెల్టా ఏర్పడినది. ఒడ్డు వెంబడి నడచు అలలును ప్రవాహములును ఇసుకను ఉత్తరముగా త్రోయగా, సుమారు 16 కిలోమీటర్ల పొడవుగల సన్నని ఇసుక తిన్నె సముద్రములోనికి చాచిన చేయివలె పెరిగినది. దాని ఉత్తరపు కొనకే హోప్ ఐలాండు అని పేరు. ఆ తిన్నెకును కాకినాడ ఒడ్డునకును నడుమ ఉత్తరముగా తెరచియున్న నీటి భాగమే కాకినాడ అఖాతము. దీని విస్తీర్ణము సుమారు 150 చదరపు కిలోమీటర్లు. చాల భాగము లోతు తక్కువ. బంగాళాఖాతపు పెద్ద అలలు ఇసుక తిన్నెకు తగిలి విరుగును గనుక లోపలి నీరు నెమ్మదిగా నుండును. నీరు నెమ్మదించిన చోట బురద అడుగునకు దిగును. ఇది మొదట గుర్తుంచుకొనవలసిన సంగతి.

అఖాతమునకు దక్షిణమున కోరంగి మడ అడవులు కలవు. కోరంగి, గాడేరు అను గోదావరి చీలికలు ఆ అడవుల గుండ వచ్చి అఖాతములో కలియును. 1978లో ఆ అడవిని వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. రోజునకు రెండు మారులు పోటు వచ్చును, రెండు మారులు నీరు తీయును. పున్నమికిని అమావాస్యకును పోటు హెచ్చు. నీరు తీసినప్పుడు మైళ్లకొలది బురద మేటలు బయటపడును.

నీటి ఉప్పదనమును ఏడాది పొడవున ఒకే రీతిగా నుండదు. మహాసముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. వేసవిలో అఖాతపు నీరు దానికి దగ్గరగా ఉండును. శ్రావణ భాద్రపదములలో గోదావరికి వరద వచ్చినప్పుడు మొగల దగ్గర నీరు చప్పబడిపోవును. 1986 ఆగస్టులో వచ్చిన మహావరద వంటిది వచ్చినప్పుడు ఆ చప్పనీరు ఎంత దూరము పాకునో ఊహించుకొనవచ్చును. కదలి పారిపోలేని ప్రాణికి ఇది చిన్న పరీక్ష కాదు.

కావున అఖాతమును ఒకే నీళ్ల గుంటగా తలంచరాదు. ఒక గ్రామములో మెరక, పల్లము, చెరువు గట్టు, తోట, బీడు ఉన్నట్టే ఇందులోను వేరువేరు నేలలున్నవి. అఖాతమును శోధించిన శాస్త్రజ్ఞులు అడుగుమట్టిని తీసి జల్లించి చూడగా, మట్టి మారిన చోట గుల్లల జాతియు మారుట కనుగొనిరి. ఒక్కొక్క నేలకు ఒక్కొక్క సంఘమున్నది.

3. ఏ గుల్ల ఏ చోట?

(అ) ఇసుక ఒడ్డు. తిన్నెకు సముద్రపు వైపున అలలు గట్టిగా కొట్టును. అచ్చట నిలువవలెనన్నచో త్వరగా ఇసుకలో దూరవలెను. అచ్చటి సన్నని రెండు చిప్పల గుల్లలు అల వెనుకకు పోగానే కాలు చాపి క్షణములో ఇసుకలో మునిగిపోవును. అలలు నెమ్మదిగానున్న ఇసుక నేలలలో చొక్కా గుండీలవలె నున్నగా మెరయు చిన్న గుల్లలు గుంపులుగా నుండును. పిల్లలు ఏరి దండలు గ్రుచ్చుకొనునవి ఇవియే.

(ఆ) బురద మేట. నీరు తీసినప్పుడు బయటపడు మెత్తని బురదలో మన తీరపు పేరుపొందిన గుల్ల యుండును. కాకినాడ ప్రాంతమున దానిని బుడిత గుల్ల అందురు. మందమైన చిప్పలు, పైన లోతైన చాళ్లు. విప్పి చూచినవారు మొదట జంకుదురు. ఏలయనగా దాని రక్తము మన రక్తమువలె ఎఱ్ఱగానుండును. గుల్లలలో ఇది సామాన్యము కాదు. మన నెత్తురులో ఊపిరి గాలిని మోయు ఎఱ్ఱని పదార్థమే దీనిలోను ఉన్నది. ఇందుకు కారణము దాని నివాసములోనే కనబడును. చిక్కని బురదలో గాలి తక్కువ. నీరు తీసిన గడియలలో మరింత తక్కువ. ఉన్న కొద్దిపాటి గాలిని పట్టి దాచుకొనగల నెత్తురు ఉన్నందుననే అది అచ్చట బ్రదుకగలుగుచున్నది.

ఆ బురదపైననే సన్నగా మొనదేలిన చిన్న నత్తలు వేలకొలదిగా ప్రాకుచుండును. బురద మీద పెరుగు పచ్చని నాచును, కుళ్లిన ఆకు పొడిని అవి తినును. అవి ప్రాకిన జాడలు బురదపై గీచిన వ్రాతలవలె నుండును.

(ఇ) మొగల దగ్గర. ఇసుకయు బురదయు కలిసిన నేలలో, తీయనీరు ఉప్పునీరు కలియు చోట, నున్నని దళసరి చిప్పల గుల్లలుండును. ఇవి ఉప్పదనము హెచ్చుతగ్గులను ఇతరుల కంటె ఎక్కువ ఓర్చుకొనును. వరదనీరు వచ్చినప్పుడు రెండు చిప్పలను బిగించి మూసికొని, చెడుదినములు పోవువరకు లోపలనే యుండును. కాని ఆ ఓర్పునకును మేర కలదు. చప్పనీరు వారములకొలది నిలిచినయెడల గుంపులుగా చచ్చును.

(ఈ) మడ అడవి. మడ, తిల్ల, ఉప్పు పొన్న మొదలగు చెట్ల నీడలోనిది మరియొక సంఘము. బెత్తెడు పొడవుగల నల్లని శంకువు వంటి నత్తలు బురదలో తిరుగుచు కుళ్లిన ఆకులను, నాచును తినును. కొన్ని చిన్న నత్తలు పోటు నీటికంటె పైకి కొమ్మల మీదికి ప్రాకి పోవును. నీటి ప్రాణులైనను నీటికి దూరముగా నుండగోరును. మరికొన్నిటికి మొప్పలే లేవు. మనవలె గాలి పీల్చును. చెట్ల వేళ్లకు, కాండములకు ఆల్చిప్పలు కరచుకొని యుండును. చెట్టు నరికిన దినమున వీటన్నిటికిని ఇల్లు పోవును. నీడ పోగానే బురద ఎండును, ఎండిన బురదలో వీటికి బ్రదుకు లేదు.

(ఉ) అఖాతపు అడుగు. ఎప్పుడును నీరు తీయని లోతట్టు బురదమీద కిటికీ అద్దమువంటి పలుచని గుండ్రని చిప్పలుండును. వెలుగునకు పట్టిన అవతలి కాంతి కనబడును. గోవాలో పాత యిండ్లకును దేవాలయములకును గాజు పలకలకు బదులు ఇట్టి చిప్పలను కిటికీలలో బిగించిరి. దీనిలో దొరకు ముత్యములు మిక్కిలి చిన్నవి, ఆభరణములకు పనికిరావు. ఇది బురదలో దాగక పైనే పరుండును గనుక, అడుగును గీకుచు పోవు వలకు మొదట చిక్కునది ఇదియే. 2001లో దీనిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాలో చేర్చిరి.

(ఊ) కొయ్యలోపల. నావలు గలవారు ఈ జాతిని ఎరుగుదురు, అయితే ఇదియు గుల్ల జాతియే అని తెలిసినవారు తక్కువ. కొయ్యను తొలుచు ఆ పొడవైన పురుగు నిజముగా రెండు చిప్పల ప్రాణి. దాని చిప్పలు చిన్నవై తల దగ్గర నుండును. వాటినే బరమావలె త్రిప్పి కొయ్యలో సొరంగము చేయును. నావకు శత్రువు, అడవికి సేవకుడు. చచ్చి పడిన మడ మానులను పొడిచేసి ఇతర ప్రాణులకు ఆహారముగా చేయునది ఇదియే. ఒకే ప్రాణి ఒక చోట నష్టము, మరియొక చోట మేలు చేయుచున్నది. చోటునుబట్టి విలువ మారును.

ఈ సంఘములలో దొంగలును ఉన్నారు. ఒడ్డున ఏరిన చిప్పకు సూదితో పొడిచినట్టు నున్నని గుండ్రని రంధ్రము ఉన్నదా? అది అలలవలన కలిగినది కాదు. గుండ్రని గుల్లగల వేటనత్త ఆ చిప్పను పట్టుకొని, పులుసువంటి రసముతో మెత్తపరచి, ఆకురాయి వంటి నాలుకతో గీకి, రంధ్రముచేసి లోపలి మాంసమును తిన్నది. ఖాళీయైన నత్తగుల్ల సహితము వ్యర్థము కాదు. మెత్తని నడుముగల సన్యాసి పీత అందులో దూరి కాపురముండును.

4. ఒక్కసారియే ప్రయాణము

ఇంతవరకు చదివినవారు ఒక ప్రశ్న అడుగవచ్చును. చోటు చెడినయెడల గుల్లలు మరియొక చోటికి పోవచ్చును గదా?

దీనికి జవాబు వాటి పుట్టుకలో నున్నది. రెండు చిప్పల ప్రాణులు చాలవరకు గ్రుడ్లను నీటిలోనికే విడుచును. వాటినుండి పుట్టు పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి. రెండు మూడు వారములు అవి నీటిలో తేలుచు, ప్రవాహము తీసికొని పోయిన చోటికి పోవును. అదియే వాటి బ్రదుకులో దూరప్రయాణము. లక్షలకొలది పుట్టినవాటిలో ఎక్కువ భాగము చేపలకు ఆహారమగును. మిగిలినవి అడుగునకు దిగి, నేలను తడిమి, తగినదైనచో నిలుచును. ఆల్చిప్ప అయినచో ఒక రాతికో, వేరుకో, పాత చిప్పకో తన్ను తాను సిమెంటుతో అంటించినట్టు అంటించుకొని, మరి ఎన్నడును కదలదు. బుడిత గుల్ల బురదలో కొంచెము జరుగగలదు గాని, ఊరు విడిచి పోలేదు.

దిగిన చోట తగిన నేల లేనియెడల ఆ పిల్ల చచ్చును. కనుక తల్లిగుల్లలు ఎన్నియున్నను, నేల చెడిపోయినచో పంట లేదు. నేల మంచిదైనను, గ్రుడ్లు విడుచు తల్లులను అన్నిటిని ఏరివేసినచో విత్తనము లేదు. రైతు సోదరులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పొలమును కావలెను, విత్తనమును కావలెను.

5. గుల్లలు చేయు మేలు

రెండు చిప్పల ప్రాణి నీటిని లోనికి పీల్చి, అందులోని నాచు రేణువులను, నలుసులను వడబోసి తిని, తేటనీటిని బయటికి విడుచును. బాగుగా ఎదిగిన ఒక్క ఆల్చిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని ఇట్లు వడబోయగలదు. లక్షలకొలది గుల్లలు రేయింబగళ్లు జీతము లేక ఈ పని చేయుచుండగా నీరు తేరుచున్నది. చేపలు, పీతలు, కొంగలు, ఉల్లంకులు వీటిని తిని బ్రదుకును. అఖాతము చుట్టునున్న పేద కుటుంబములకు గుల్లలు కూరయు కూలియు కూడ. నీరు తీసినప్పుడు నడుములోతు బురదలో దిగి, కాళ్లతో తడిమి, చేతులతో తీసి, గంపలకు ఎత్తు పని సులభమైనది కాదు. పగిలిన చిప్పలు పాదములను కోయును. తెచ్చిన గుల్లలను ఉడుకబెట్టి మాంసము తీసి తిందురు, అమ్ముదురు. చిప్పలు సున్నపు బట్టీకి పోవును. బొగ్గుల నడుమ పేర్చి సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చగా అందులోని బొగ్గుపులుసు గాలి పోయి సున్నము మిగులును. మన గోడల తెలుపు, తాంబూలములోని సున్నము, పాత కట్టడముల గచ్చు - వీటి వెనుక ఇంత మంది చెమట ఉన్నది.

ఇచ్చట తినువారికొక హెచ్చరిక. నీటిని వడబోయు ప్రాణి అందులోని మురికిని, రోగక్రిములను కూడ తనలో పోగుచేసికొనును. పట్టణపు మురుగు కాలువ కలియు చోట ఏరిన గుల్లలను తినరాదు. మంచి చోట ఏరినవాటిని కూడ బాగుగా ఉడికించియే తినవలెను. ఉడికిన తరువాత నోరు తెరువని గుల్లను పారవేయవలెను. క్రిమిసంహారక మందుల విషము, సీసము వంటి లోహములు ఉడికించినను పోవు అనుట మరచిపోకుడి.

6. చోటు ఎట్లు చెడును?

కొన్ని మార్పులు మనుష్యుల చేతిలో లేనివి. 1839 నవంబరులో వచ్చిన తుపానుకు ఉప్పెన పొంగి కోరంగి రేవును పాడుచేసెను. అట్టి గాలివానలలో బురద లేచి ఒకచోట గుల్లలను పూడ్చును, ఇంకొకచోట నేలను కోసివేయును. అయినను మేటలు మరల ఏర్పడగా పిల్లలు మరల దిగును.

మనుష్యులవలన కలుగు మార్పులు వేరు. అవి ఆగక సాగును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. దానివలన డెల్టాలో కరువు తీరి అన్నము పుట్టినది. ఆ మేలును ఎవరు కాదనగలరు? తరువాత గోదావరి పొడవునను ఆనకట్టలు పెరిగినవి. నది సముద్రమునకు తెచ్చు ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండగా, 1990లలో 6 కోట్ల టన్నుల లోపునకు తగ్గినది. ఒండ్రుతో పుట్టిన డెల్టాకు ఒండ్రు తగ్గుట పాలు తగ్గిన బిడ్డవంటిది. ఒడ్డు కోతపడును, ఇసుక తిన్నె రూపు మారును. ఆ తిన్నె బలహీనమైనచో లోపలి నెమ్మది నీరు పోవును. నెమ్మది నీరు పోయినచో బురద మేట పోవును.

1997లో కాకినాడలో లోతునీటి రేవు తెరువబడినది. పెద్ద ఓడలు వచ్చుటకు దారి లోతుగా నుండవలెను గనుక త్రవ్వోడలు అడుగుమట్టిని తీయును. రేవువలన పనులు కలిగినవి. అయితే త్రవ్విన చోట గుల్లల నేల పోవును. లేచిన సన్నని మట్టి పొరుగున దిగి, వడబోయు ప్రాణుల మొప్పలను మూసివేయగలదు. మట్టిని ఎక్కడ తీయవలెను, ఎక్కడ పోయవలెను అనునది గుల్లల నేలలను తెలిసికొని నిర్ణయించవలసిన సంగతి.

రొయ్యల చెరువులు వచ్చిన కాలమున తీరమంతట మడ చెట్లు నరికిన చోట్లు కలవు. పొలములలో చల్లిన మందులు మురుగు కాలువల గుండ అఖాతమునకే చేరును. ఈ మాట సముద్రమునకు ముప్పది మైళ్ల దూరముననున్న రైతునకు కూడ చెందును. చేలోని నీరు ఎక్కడికి పోవునో ఎరుగనని చెప్పుట సులభమే. నీటికి మాత్రము దారి తెలియును.

చివరి కారణము ఆశ. గిరాకి హెచ్చినప్పుడు పెద్దవి, చిన్నవి అనక ఏరుట. సున్నమునకు చిప్ప పెద్దదైననేమి చిన్నదైననేమి అని బట్టీవాడు అనుకొనవచ్చును. కాని వేలిగోరంత పిల్లగుల్ల ఒక్కమారైనను గ్రుడ్లు విడువకమునుపే బట్టీలో పడినది. అది రాబోవు ఏటి పంటను ఈ ఏడు కాల్చుట.

7. సీదోను దిబ్బ

మన వేదములో తూరు, సీదోను పట్టణముల పేర్లు తరచుగా చదువుదుము. ఆ తీరవాసులకు ఐశ్వర్యము తెచ్చిన సరకులలో ఊదారంగు ఒకటి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో లూదియ ఊదారంగు వర్తకురాలని కనబడుచున్నది. రాజులు ధరించిన ఆ ప్రసిద్ధమైన ఊదారంగు సముద్రపు నత్తలనుండి తీయబడెడిది. ఒక్కొక్క నత్తలో చుక్కంత రసమే యుండును. 1909లో ఒక జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించుటకు 12,000 నత్తలను తీసికొనగా దొరికిన రంగు 1.4 గ్రాములు మాత్రమే. సీదోను దగ్గర పగిలిన నత్తగుల్లలు దిబ్బలుగా పోగుపడి యున్నవి. చూచినవారు వస్త్రపు రంగును మెచ్చుకొనిరి. దిబ్బను ఎవరు లెక్కించిరి?

మన గోడల తెలుపునకును ఒక దిబ్బ యున్నది. తెలుపు తప్పు కాదు, ఏరుకొని బ్రదుకు పేదవారిదియు తప్పు కాదు. దిబ్బను లెక్కించకుండుటయే తప్పు.

8. మనము చేయదగినవి

మొదటిది, పిల్లగుల్లలను విడిచిపెట్టవలెను. పెద్ద కన్నుల జల్లెడలో గుల్లలను ఊపినచో చిన్నవి క్రిందికి జారును. వాటిని తీసిన బురదలోనే, తీసిన దినముననే మరల వేయవలెను. ఒడ్డుకు తెచ్చి ఎండలో పోసినవి తిరిగి బ్రదుకవు.

రెండవది, ఒక మేటను ఏరిన తరువాత దానికి కొంతకాలము విశ్రాంతి నీయవలెను. ఒకరు మానిన మేటను మరియొకరు ఏరినయెడల మానినవానికి నష్టము, మేటకు లాభము లేదు. కనుక ఇది ఒంటరిగా జరుగు పని కాదు. గ్రామ పెద్దలు, మత్స్యకారుల సంఘములు కూడి మాట్లాడుకొని చేయవలసినది.

మూడవది, సున్నమునకు చచ్చిన గుల్లల చిప్పలనే వాడవలెను. వాటిని సహితము మేటలోనుండి అన్నిటిని తీసివేయరాదు. ఆల్చిప్ప పిల్లలు అంటుకొనుటకు పాత చిప్పలే ఆధారము.

నాల్గవది, మడ చెట్టును నరుకకుండుట, నరికిన చోట మరల నాటుట. కోరంగి ప్రాంతమున పాడైన నేలలో చిన్న కాలువలు త్రవ్వి, పోటు నీటిని లోనికి రానిచ్చి, మడ మొక్కలను మరల పెంచిన చోట్లున్నవి. నీరు తిరిగి వచ్చిన చోటికి నత్తయు తిరిగి రాగలదు.

ఐదవది, పొలములో మందు కొలత మీరకుండ వాడుట. ఖాళీ డబ్బాలను కాలువలో కడుగకుండుట.

సహోదరులారా, రాబోవు పండుగకు మీ మందిరమునకు గుల్లసున్నము వేయుదురేని, తొట్టిలో పోయుటకు ముందు ఒక గుప్పెడు గుల్లలను చేతిలోనికి తీసికొని పిల్లలకు చూపుడి. ఇది బురదలోనిది, ఇది మొగలోనిది, ఇది ఇంకను పెరుగవలసిన పిల్ల అని వేరుచేసి చెప్పుడి. ఆ గుప్పెడులో పిల్లగుల్లలే ఎక్కువగా కనబడినయెడల, అమ్మినవానిని కోపింపక, ఎక్కడ ఏరితివని అడుగుడి. పెద్ద చిప్పలకు ఒక రూపాయి ఎక్కువ ఇచ్చుటకు సంకోచింపకుడి. బురదలో నిలిచి ఏరిన చేతులకు ఆ రూపాయి చేరినచో, చిన్నవాటిని విడుచుటకు ఆ చేతులకు ధైర్యము కలుగును.

కూటములలో అడుగదగిన ప్రశ్నలు

1. గుల్లకు ఇండ్లు రెండు అనగా ఏమి? ఏది చెడినయెడల జాతియంతయు పోవును?

2. ఇసుక తిన్నె లేనియెడల అఖాతములో బురద మేటలు ఎందుకు నిలువవు?

3. బుడిత గుల్లకు ఎఱ్ఱని రక్తము ఏ విధముగా సహాయపడుచున్నది?

4. ఆల్చిప్ప తన బ్రదుకులో ఎప్పుడు ప్రయాణము చేయును? అందువలన మనము గ్రహించవలసినది ఏమి?

5. మురుగు కలియు చోట ఏరిన గుల్లలను ఎందుకు తినరాదు?

6. మీ పొలములోనుండి పోవు నీరు ఏ కాలువలో కలిసి, ఏ మొగలో సముద్రమును చేరును? తెలియనివారు వచ్చే కూటమునకు విచారించి రండి.